చేతులతో తొక్కే సైకిల్: ఒక తయారీ డైరీ

రోజు 1

కుడి మోకాలు మొండికేసింది. ఆరు నెలలపాటు పెడల్ జోలికి వెళ్లొద్దన్నారు. నడవొచ్చు, మెట్లు మెల్లగా ఎక్కొచ్చు, తొక్కడం మాత్రం కూడదు. మూలన నిలబెట్టిన సైకిల్ని రెండు వారాలు చూసీ చూసీ, చివరికి ఒక సంగతి తట్టింది. కాళ్లకు సెలవిచ్చారు గానీ చేతులకు ఎవరూ ఇవ్వలేదు.

అనుకున్నది ఇది: రెండు చక్రాల సైకిలే కావాలి, పెడల్స్ ఉండకూడదు. హ్యాండిల్‌తోనే నడవాలి, హ్యాండిల్‌తోనే తిరగాలి. కాళ్లు పెట్టుకోవడానికి రెండు కడ్డీలుంటే చాలు. ఆగినప్పుడు కాలు నేల మీద ఆనించగలను కాబట్టి మూడో చక్రం అక్కర్లేదు.

ఈ పని పూర్తిగా పిచ్చి కాదని నమ్మకం కలగడానికి పాత సంగతులు కొన్ని గుర్తుచేసుకున్నాను. సైకిల్ పుట్టకముందే చేతిబండి పుట్టింది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు, కాళ్లు పనిచేయని మనిషి, 1655లో మూడు చక్రాల కుర్చీ ఒకటి తయారు చేసుకున్నాడు. ముందున్న పిడిని చేత్తో తిప్పితే పళ్లచక్రాల మీదుగా ముందు చక్రం కదిలేది. సైకిల్‌కి తాతలాంటి డ్రైస్ రెండు చక్రాల పరుగు యంత్రం, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోయేది, వచ్చింది 1817లో. అంటే చెయ్యి కాలికంటే 162 ఏళ్లు సీనియర్. ఇప్పటి హ్యాండ్‌సైకిళ్ల సంగతి సరేసరి, 2004 ఏథెన్స్ పారాలింపిక్స్ నుంచి వాటికి పతకాల పోటీలే ఉన్నాయి.

చేతుల్లో ఎంత బలం ఉంటుందన్నది అసలు ప్రశ్న. చేతులకు ప్రత్యేకంగా కసరత్తు లేని మనిషి కాళ్లతో తొక్కేటప్పుడు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడతాడో, చేతులతో తిప్పేటప్పుడు అందులో సుమారు 70 శాతం దాకా వెళ్లగలడు. చదును రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగానికి 30 వాట్లు చాలు. కాబట్టి బలం గురించి బెంగ లేదు. బెంగంతా ఇంకోచోట ఉందని ఆ రోజు నాకు తెలియదు.

రోజు 3

పాత పిల్లల సైకిల్, 20 అంగుళాల చక్రాలది, అటక మీద నుంచి దించాను. ఫ్రేము గట్టిగానే ఉంది. దాని వెనక చక్రాన్నే ముందుకు తెచ్చాను, ఫ్రీవీల్ (ఒకవైపు తిప్పితే పట్టి, రెండోవైపు ఊరికే తిరిగే పళ్లచక్రం) దానికే ఉంటుంది కాబట్టి. వెనక హబ్ (చక్రం నడిమి భాగం) వెడల్పు ఎక్కువ, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ఫోర్కులో పట్టదు. రెండు కాళ్ల మధ్య ఒక పొడుగు బోల్టు పెట్టి, నట్లు బయటికి తిప్పుతూ ఫోర్కుని పది మిల్లీమీటర్లు చాపాను. కుయ్యోమని మూలిగింది గానీ విరగలేదు. ఇనుప ఫోర్కు కాబట్టి సాగింది. అల్యూమినియం అయితే ఈ పని చేయొద్దు, పగులుతుంది.

ముందుగా అందరికీ తట్టే దారే పట్టాను. ఫోర్కు పైన ఒక బీబీ గొట్టం (పెడల్స్ ఇరుసు తిరిగే గొట్టం) అడ్డంగా వెల్డింగ్ చేసి, దానికి మామూలు క్రాంకులు (పెడల్స్ తగిలించే చేతులు), పెడల్స్ స్థానంలో పిడులు. చైను కిందికి, ముందు చక్రానికి. మొత్తం ఫోర్కుతో కలిసే తిరుగుతుంది కాబట్టి చైను మెలికపడదు.

పది అడుగులు పోయిందో లేదో నేను గడ్డిలో ఉన్నాను.

కారణం చూస్తే సిగ్గేసింది. కాళ్ల క్రాంకులు ఒకటి పైన ఉంటే ఒకటి కింద ఉంటాయి. చేతులకూ అలాగే ఉంచేశాను. కుడి చెయ్యి తోస్తున్నప్పుడు ఎడమ చెయ్యి లాగుతుంది. ఒకటి తోస్తూ ఒకటి లాగితే అది అచ్చంగా హ్యాండిల్ తిప్పడమే! సగం తిప్పుకి ఎడమకి, మిగతా సగానికి కుడికి. పాము నడక. అసలు హ్యాండ్‌సైకిళ్లలో రెండు పిడులూ ఒకేవైపు, జంటగా తిరిగేలా ఎందుకు పెడతారో అప్పుడు తెలిసొచ్చింది.

ఒక క్రాంకు విప్పి, సగం తిప్పి, జంటగా బిగించాను. నయమే. కానీ రెండు చక్రాల మీద ఇదీ కుదరదు. చేతులు గుండ్రంగా తిరుగుతూ ఉంటే బ్యాలెన్సు కోసం చేసే చిన్నచిన్న సర్దుబాట్లకు ఆనిక దొరకదు. పిడులు పైకి పోయినప్పుడు ఒంటి బరువు ఒకలా, కిందికి వచ్చినప్పుడు ఇంకోలా పడుతోంది. పైగా బ్రేకు పిడి ఎక్కడ పెట్టాలి? మూడు చక్రాల బండి తనంతట తను నిలబడుతుంది కాబట్టి దానికి ఇవన్నీ చెల్లుతాయి. రెండు చక్రాలది ప్రతి క్షణం నిలబెట్టుకోవాల్సిన బండి.

క్రాంకులు విప్పేశాను.

రోజు 8

హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే? తోయడం, లాగడం, రెండు చేతులూ కలిసి. అప్పుడు ముందూ వెనకా కదలిక నడపడానికి, పక్కలకు తిప్పడం దారి మార్చడానికి. రెండు పనులకు రెండు దిక్కులు పంచేస్తే ఒకదానికొకటి అడ్డం రావు. కాగితం మీద ఎంత అందంగా ఉందో!

అక్క కొడుకు గీసిన బొమ్మ చూసి, "మామయ్యా, ఇది సైకిలా, బోరింగు పంపా?" అన్నాడు. వాడన్నది నిజమే. ఇది చక్రాల మీద బోరింగే. రైలు పట్టాల మీద పంపు కొట్టుకుంటూ పోయే ట్రాలీ కూడా దీని చుట్టమే, కాకపోతే పట్టాల మీద దానికి తిప్పే బాధ లేదు.

పనిచేసే తీరు ఇది. స్టెమ్‌ని (హ్యాండిల్ని ఫోర్కుకి కలిపే కడ్డీని) పొట్టిగా కోసి, దాని నెత్తిన బీబీ గొట్టాన్ని అడ్డంగా వెల్డింగ్ చేశాను (మొన్నటిదే, మళ్లీ కోసి అతికించాను). అందులోని ఇరుసుకి పైవైపు 500 మిల్లీమీటర్ల మీట, దాని కొసన హ్యాండిల్. అదే ఇరుసుకి ముందువైపు 125 మిల్లీమీటర్ల పొట్టి చెయ్యి, దాని కొసకు చైను. హ్యాండిల్ని నావైపు లాగితే పొట్టి చెయ్యి పైకి లేస్తుంది. చైను పైకి వస్తూ, ముందు హబ్ మీదున్న 16 పళ్ల ఫ్రీవీల్ని వెనకవైపు నుంచి పైకి లాగుతుంది. చక్రం ముందుకు తిరుగుతుంది. చైను రెండో కొస ఫ్రీవీల్ కింద నుంచి చుట్టుకుని ముందువైపు పైకొచ్చి ఒక స్ప్రింగుకి తగులుకుంటుంది. హ్యాండిల్ వదిలితే స్ప్రింగు చైనుని వెనక్కి గుంజుకుంటుంది, ఫ్రీవీల్ కటకటమంటూ ఊరికే తిరుగుతుంది.

నేనే కనిపెట్టానని ఒక పూట మురిసిపోయాను. తర్వాత గుర్తొచ్చింది, 1880లలో అమెరికన్ స్టార్ అనే సైకిల్ ఉండేది. కాళ్లతో నొక్కే మీటలు, తోలు పట్టీలు, ఒకవైపే పట్టే రాచెట్లు, పట్టీని వెనక్కి లాగే స్ప్రింగులు. తోలు బదులు చైను, కాలి బదులు చెయ్యి, ఇంతే నా ఆవిష్కరణ. స్వీడన్‌లో ల్యుంగ్‌స్ట్రోమ్ అన్నదమ్ములు 1892లో చేసిన స్వేయా సైకిల్ కూడా మీటల మీద నడిచిందే. వాళ్లకి పెట్టుబడి పెట్టింది సాక్షాత్తూ ఆల్‌ఫ్రెడ్ నోబెల్. నాకు పెట్టుబడి అటక.

మీటలకు ఒక మంచి గుణం ఉంది. క్రాంకులో పైనా కిందా చచ్చుచోట్లు ఉంటాయి, అక్కడ ఎంత నొక్కినా ఇరుసు తిరగదు. మీట, రాచెట్ జతకి ఆ బెడద లేదు. ఎక్కడ ఆపినా, మళ్లీ అక్కడి నుంచే లాగొచ్చు. పూర్తి ఊపు అవసరం లేదు, బెత్తెడు ఊపినా బెత్తెడంత ముందుకు పోతుంది.

రోజు 13

నడిచింది! పడకుండా ఇరవై గజాలు. కానీ పక్కన అక్క కొడుకు నడుస్తూ నన్ను దాటిపోయాడు. పరుగెత్తలేదు, నడిచాడు.

లెక్క కట్టాల్సింది ముందు, కట్టింది తర్వాత. చేతుల దగ్గర ఊపు 400 మిల్లీమీటర్లు. మీట 500, పొట్టి చెయ్యి 125, నాలుగో వంతు. కాబట్టి చైను కదిలేది 100 మిల్లీమీటర్లు. చైను లంకె అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, 16 పళ్లు ఒక చుట్టు తిరగాలంటే 203 మిల్లీమీటర్ల చైను కావాలి. ఒక లాగుకి అర చుట్టు కూడా సరిగ్గా రాదు. చక్రం చుట్టుకొలత 1.55 మీటర్లు, అంటే లాగుకి ముప్పావు మీటరు. నిమిషానికి 60 సార్లు లాగినా 46 మీటర్లు. గంటకు 2.75 కిలోమీటర్లు. తాబేలుతో పందెం కాయొచ్చు.

పైగా ఇంత నెమ్మదిగా పోయే సైకిల్ని నిలబెట్టడం కష్టం. సైకిల్ పడబోయే వైపుకి చక్రం తిప్పి, దాన్ని మళ్లీ ఒంటి కిందికి తెచ్చుకోవడమే బ్యాలెన్సు. వేగం ఉంటే కొంచెం తిప్పితే చాలు, వేగం లేకపోతే బోలెడు తిప్పాలి. అంటే నెమ్మదిగా పోయేటప్పుడే చేతులకు తిప్పే పని ఎక్కువ, బయల్దేరేటప్పుడే లాగే పనీ ఎక్కువ. రెండూ ఒకే సమయానికి, ఒకే చేతుల మీద.

మార్చాల్సినవి రెండు. తోపు ఊరికే పోతోంది, దాన్ని కూడా వాడుకోవాలి. గేరు రెట్టింపు కావాలి.

రోజు 19

ఈ వారం డైరీ రాయలేదు. చేతులకు ఎప్పుడూ గ్రీజే.

తోపూ లాగూ రెండూ పనిచేయాలంటే ఇరుసుకి రెండు పొట్టి చేతులు ఉండాలి, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. లాగితే ముందుది లేస్తుంది, తోస్తే వెనకది లేస్తుంది. రెండింటికీ చెరో చైను, చెరో ఫ్రీవీల్. ఈ రెండు ఫ్రీవీళ్లూ హబ్ మీద పట్టవు, కాబట్టి ఫోర్కు మీద మధ్యలో ఒక చిన్న ఇరుసు వేశాను. చైన్లు దాన్ని తిప్పుతాయి, దాని మీదున్న 32 పళ్ల చక్రం ఇంకో చైనుతో హబ్ మీది 16 పళ్లని తిప్పుతుంది. రెట్టింపు అక్కడ వస్తుంది.

అందంగా ఉంటుందని ఇరుసు కుడి కొసన ఒక ఫ్రీవీల్, ఎడమ కొసన ఒకటి పెట్టాను. రెండువైపులా సమానం, చూడ్డానికి ముచ్చటగా. లాగాను, చక్రం కదిలింది. తోశాను, కటకట. చక్రం కదల్లేదు. గ్రీజు తుడిచాను, చైను బిగించాను, మళ్లీ తోశాను, కటకట. సగం రోజు పోయాక అర్థమైంది. ఫ్రీవీల్ని తిరగేసి ఎడమవైపు పెడితే అది అద్దంలో బొమ్మలా అయిపోతుంది, పట్టాల్సిన దిక్కున వదిలేస్తుంది, వదలాల్సిన దిక్కున పడుతుంది. సైకిళ్లతో ఇన్నేళ్లు గడిపినవాడికి ఇది తట్టకపోవడం ఏమిటో.

కోసి, రెండింటినీ ఒకే ముఖంగా, పక్కపక్కన కుడివైపే పెట్టాను. ముచ్చట పోయింది, బండి కదిలింది.

ఈ వారంలో నాకు బాగా నచ్చిన పని స్ప్రింగులు తీసేయడం. ఒక చైను పైకి పోతున్నప్పుడు రెండోది సరిగ్గా అంతే కిందికి రావాలి కదా. రెండు చైన్ల వదులు కొసలనూ ఒక తాడుతో కలిపి, ఆ తాడుని ఒక చిన్న కప్పీ మీదుగా తిప్పాను. ఒక చైను లాగితే దాని తోక తాడుని గుంజుతుంది, తాడు రెండో చైనుని దాని చోటికి తెస్తుంది. బావి మీద గిలకకి రెండు కొసలా రెండు చేదలు కట్టినట్టు. ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది. స్ప్రింగుని సాగదీయడానికి పోయే బలం మిగిలింది. తాడు వదులు కాకుండా మధ్యలో చిన్న రబ్బరు ముక్క ఉంచానంతే.

ఇప్పుడు ఒక్కో ఊపుకి, తోపైనా లాగైనా, 1.53 మీటర్లు. నిమిషానికి 45 సార్లు ముందుకీ వెనక్కీ ఊపితే గంటకు 8 కిలోమీటర్లు, 60 సార్లయితే 11.

రోజు 22

వేగం వచ్చింది. దాంతోపాటు వణుకూ వచ్చింది.

ఖాళీ మైదానంలో నడిపి చూశాను. తిన్నగా పోదామన్నా ప్రతి ఊపుకీ ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటోంది. మెల్లగా ఊపితే ఫరవాలేదు, కాస్త గట్టిగా ఊపితే వంకరటింకర. నడిపే దిక్కు వేరు, తిప్పే దిక్కు వేరు అని కాగితం మీద పంచేశాను కదా, మరి ఇదేమిటి?

మొదట నా కుడిచేతిని అనుమానించాను. రెండు చేతుల బలం ఎవరికీ సమానంగా ఉండదు. హ్యాండిల్ వెడల్పు 600 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో పిడి 300. కుడి చెయ్యి ఎడమకంటే 20 న్యూటన్లు, అంటే రెండు కిలోల బరువంత ఎక్కువ తోసిందనుకుందాం. 20ని 0.3తో గుణిస్తే 6 న్యూటన్ మీటర్లు. మామూలుగా దారి సర్దుకోవడానికి మనం పెట్టే తిప్పు ఇందులో చిన్న ముక్క. నేరం తేలిపోయిందనుకుని హ్యాండిల్ కొసలు రంపంతో కోసి 400కి తెచ్చాను. తిప్పు మూడింట ఒక వంతు తగ్గింది. వణుకు కూడా కొంచెం తగ్గింది. కొంచెమే.

రాత్రి నిద్ర పట్టక, సైకిల్ని స్టాండు వేసి, ముందు చక్రం నేలకి తగలకుండా ఎత్తి, హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను. మీటని పూర్తిగా ముందుకు తోసి, రెండు చేతుల్నీ కలిపి ఎడమకి జరిపాను. చక్రం ఎడమకి తిరిగింది. మీటని పూర్తిగా నావైపు లాక్కుని, మళ్లీ అదే ఎడమకి జరిపాను. చక్రం కుడికి తిరిగింది!

దీపం వేసుకుని కాగితం తీశాను. ముందు ఫోర్కు తిరిగేది తన గొట్టం నడిమి గీత చుట్టూ. మీట కీలు సరిగ్గా ఆ గీత మీదే పెట్టాను. కాబట్టి ఊపులో సగం చేతులు ఆ గీతకి ముందుంటాయి, సగం వెనకుంటాయి. ముందున్నప్పుడు చేతులు ఎటు జరిగితే చక్రం అటే. వెనకున్నప్పుడు పడవ చుక్కానిలాగా చేతులు ఎటు జరిగితే చక్రం దానికి ఎదురు. ఊగే మనిషి ఒళ్లు ఎంతో కొంత పక్కకి జరగకుండా ఉండదు. ఆ జరుగుడుకి ఒక ఊపులోనే ఒకసారి ఒక అర్థం, మరుక్షణం దానికి వ్యతిరేకార్థం. సరిదిద్దుదామని చేతులు ఒకవైపు జరిపేలోపే అర్థం మారిపోతోంది. పాపం కుడిచెయ్యి! అనవసరంగా హ్యాండిల్ కోశాను.

రోజు 27

మందు తేలికే. చేతులు గీతని ఎప్పుడూ దాటకూడదు. మొత్తం ఊపు గీతకి వెనకే జరగాలి.

మీటకీ పొట్టి చేతులకీ మధ్య కోణం మార్చాను, మీట 30 డిగ్రీలు వెనక్కి వాలింది. ఇప్పుడు చేతులు గీతకి సుమారు 60 మిల్లీమీటర్ల వెనక మొదలై 400 దాకా వస్తాయి. ముందుకి పోకుండా రబ్బరు దిమ్మ ఒకటి అడ్డం పెట్టాను. సీటుని పావు మీటరు వెనక్కి జరపాల్సి వచ్చింది, దానికో పొడుగు ఇనుప కమ్మీ.

చుక్కాని పట్టినట్టు నడపడం మొదటి పది నిమిషాలు చిరాకే. చేతులు గీతకి దగ్గరున్నప్పుడు ఒకలా, దూరమున్నప్పుడు ఇంకోలా తిరుగుతుంది, ఒకేంత తిప్పడానికి దూరంలో చేతుల్ని ఎక్కువ జరపాలి. కానీ దిక్కు మారదు. దిక్కు మారకపోతే చేతులు నేర్చుకుంటాయి. ఎంత తిప్పాలన్నది అలవాటు మీద వచ్చేదే, ఎటు తిప్పాలన్నది క్షణక్షణం మారితే ఎవరికీ రాదు.

సాయంత్రం మైదానం నాలుగు చుట్లు. ఒక్కసారి కూడా కాలు దించలేదు.

కోసేసిన హ్యాండిల్ కొసలు మళ్లీ అతికించాలా అని చూశాను. 400 వెడల్పే బాగుంది. తప్పు కారణానికి చేసినా మంచి పనే అయింది.

రోజు 30

ఈ రోజుది రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తాను, ఇలాంటిది ఎవరైనా చేయాలనుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు.

మామూలు సైకిల్ మీద బ్రేకు పట్టినప్పుడు ఒళ్లు ముందుకి తూలుతుంది, మనం హ్యాండిల్ మీద చేతులు బిగించి ఆపుకుంటాం. ఎప్పుడూ గమనించం గానీ హ్యాండిల్ అప్పుడు గోడలాంటిది. నా సైకిల్లో ఆ గోడ కీలు మీద ఉంది. ఎదురుగా కుక్క వస్తే బ్రేకు నొక్కాను. ఒళ్లు ముందుకి తూలింది, చేతులు హ్యాండిల్ని తోశాయి, హ్యాండిల్ ముందుకి పోయింది. హ్యాండిల్ ముందుకి పోతే ఏమవుతుంది? సైకిల్ నడుస్తుంది! బ్రేకు వేసిన మనిషే యాక్సిలరేటర్ తొక్కినట్టు. కుక్క బతికింది, నా మోచెయ్యి గీరుకుంది.

అందుకని మూడు మార్పులు చేశాను. ఒళ్లు ఆపుకునే పని చేతుల నుంచి కాళ్లకి మార్చాను. కాలు పెట్టుకునే కడ్డీలు ముందుకి జరిపి పైకి ఎత్తాను, ఆపేటప్పుడు పాదాలతో తన్నిపట్టొచ్చు. ఇది పెడల్ తొక్కడం కాదు కాబట్టి మోకాలు ఒప్పుకుంది. సీటుకి వీపు దన్ను పెట్టాను. ఇది అసలు మొదటి రోజే ఉండాల్సింది. చేతులతో తోస్తే ఒళ్లు వెనక్కి పోతుంది, వెనక ఏదో ఆనకపోతే సగం బలం సీటు మీద జారడానికే పోతుంది. ముఖ్యమైన బ్రేకు వెనక చక్రానికే ఉంచాను. ముందుది ఉంది గానీ సాయానికే.

బ్రేకు కేబుళ్లది ఇంకో తంటా. హ్యాండిల్ రోజుకి వేలసార్లు ఊగుతుంది, కేబుల్ ప్రతిసారీ అదే చోట వంగుతుంది. కీలు దగ్గర పెద్ద వలయంలా వదులు వదిలి కట్టాను. వారానికోసారి తడిమి చూడాలి.

రోజు 34

ఎత్తు ఎక్కించాను. అంటే ఎక్కించబోయాను.

నేనూ బండీ కలిపి 95 కిలోలు. నూటికి ఐదు వాలు ఉన్న ఎత్తు ఎక్కడానికి, రాపిడితో కలిపి చక్రం దగ్గర 54 న్యూటన్లు కావాలి. చేతుల దగ్గర 400 మిల్లీమీటర్లు కదిలితే చక్రం 1.53 మీటర్లు పోతుంది కాబట్టి చేతుల మీద దానికి దాదాపు నాలుగు రెట్లు పడుతుంది, 207 న్యూటన్లు. ప్రతి ఊపుకీ ఇరవై కిలోల బరువు జరిపినట్టు. చదునులో అయితే నాలుగు కిలోలు చాలు. పది ఊపుల తర్వాత భుజాలు వద్దన్నాయి.

మీటలతో ఇక్కడో సుఖం ఉంది. గేరు మార్చడానికి పళ్లచక్రాల గుత్తి అక్కర్లేదు, పొట్టి చేతి మీద చైను తగిలించే చోటు మార్చితే చాలు. 125 దగ్గర ఒక రంధ్రం ఉంది కదా, 65 దగ్గర ఇంకోటి వేశాను. ఊపు అంతే, చైను కదిలేది సగం, బరువు కూడా దాదాపు సగం. ఎత్తు కింద ఆగి, రెండు పొట్టి చేతులకీ రెండు పిన్నులు మార్చుకుని ఎక్కాను. నత్తనడకే, కానీ దిగలేదు.

సీటు వెనక్కి జరిపిన పాపం మాత్రం ఎత్తు మీద బయటపడింది. ముందు చక్రం మీద బరువు తగ్గింది, ఎత్తులో ఇంకా తగ్గుతుంది, నడిపేది ఆ చక్రమే. తారు మీద పట్టింది, కంకర దగ్గర రెండుసార్లు గిర్రున తిరిగింది. వణుకు పోవాలంటే సీటు వెనక్కి ఉండాలి, పట్టు ఉండాలంటే ముందుకి ఉండాలి. వణుకుకంటే జారడమే మేలని వదిలేశాను.

ఎత్తు మధ్యలో ఇంకో వింత. అలిసిపోయి చేతులు వదిలేశాను, బ్రేకు పట్టలేదు. సైకిల్ వెనక్కి జారాలి కదా, జారలేదు! కిందికి వంగి చూస్తే అర్థమైంది. చక్రం వెనక్కి తిరగబోతే రెండు ఫ్రీవీళ్లూ ఒకేసారి పడతాయి, రెండు చైన్లనీ ఒకేవైపు గుంజుతాయి. కానీ నేను వాటిని ఒకటి లేస్తే ఒకటి దిగేలా కట్టాను. రెండూ కలిసి దిగలేవు. అంతా బిగుసుకుపోయింది. కావాలని పెట్టింది కాదు, ఎత్తులో మాత్రం వరమే.

ఇంటికొచ్చాక గేటు దగ్గర వెనక్కి తీద్దామని చూశాను. రాదు. ఒక్క అంగుళం కూడా వెనక్కి రాదు. ముందు చక్రం ఎత్తి పట్టుకుని, మేకపోతుని ముందుకాళ్లు పట్టి నడిపించినట్టు నడిపించాల్సి వచ్చింది. అక్క కొడుకు నేల మీద పడి నవ్వాడు.

రోజు 41

ఈ రోజు ఏకబిగిన ఆరు కిలోమీటర్లు, చదును రోడ్డు. 46 నిమిషాలు పట్టింది, అంటే గంటకు దాదాపు 8 కిలోమీటర్లు, లెక్కకి సరిపోయింది. నొప్పి భుజాల్లో వస్తుందనుకున్నాను, వచ్చింది అరచేతుల్లో. గుండ్రటి గొట్టాన్ని తోస్తూ లాగుతూ ఉంటే చర్మం రెండువైపులా ఒరుసుకుంటుంది. నిలువు పిడులైతే మణికట్టు తిన్నగా ఉంటుందేమో, కాకపోతే బ్రేకు పిడుల్ని మళ్లీ కదిలించాలి.

అక్క కొడుక్కి ఇచ్చాను. వాడు మామూలు సైకిల్ బాగా తొక్కుతాడు, అదే వాడికి అడ్డమైంది. మొదటి మలుపులోనే చేతుల్ని అలవాటైన వైపుకి తోశాడు, చక్రం చుక్కాని లెక్కన రెండో వైపుకి పోయింది. మూడుసార్లు కాలు దించి, నాలుగోసారి మలుపు తిరిగాడు. తిరిగొచ్చాక, "మామయ్యా, మలుపులో ఊపడం ఆపేస్తే బాగా తిరుగుతోంది" అన్నాడు. నేను నలభై రోజులుగా మలుపులో కూడా ఊపుతూనే ఉన్నాను. వాడు చెప్పినట్టు చేసి చూశాను. ఊపి, ఆపి, తిప్పి, మళ్లీ ఊపాను. మైదానం మూలల్లో ఇంతవరకూ పడే ఆ చిన్న వంకర కూడా పోయింది.

మిగిలిన పనులు: పొట్టి చేతుల మీద 95 దగ్గర మూడో రంధ్రం. ముందు మడ్‌గార్డు, ఎందుకంటే నిన్న తడి రోడ్డు మీద బురదంతా చైన్ల మీదే పడింది. గేటు దగ్గర వెనక్కి తీయడానికి ఒక పొట్టి చేతి నుంచి చైనుని విప్పుకునే కొక్కెం ఒకటి, అది విప్పితే ఆ చైను వదులై చక్రం ఒకటి రెండు అడుగులైనా వెనక్కి తిరగాలి. కొక్కెం కోసం పాత కుక్క గొలుసు దొరికింది.